రామేశ్వరం తిరిగొచ్చిన సైకిల్

నేను నాలుగో తరగతిదాంకనే చదివిన. పత్రికకు రాసుడు ఇదే మొదలు. అక్షరాలు సక్కగ రావు, జర ఏమనుకోకున్రి.

మాది జహీరాబాద్ దగ్గర చిరాగ్‌పల్లి. పోయినేడు పూణె పోయే మొగుడుపెండ్లాలు వ్యాన్ ఆపుకునేతందుకు జాగ అడిగితె మా ఆయన ఇంటికి తోల్కొచ్చిండు. వ్యాన్లనే మంచం, పొయ్యి ఉన్నయి. ఎన్క సైకిల్ కట్టి ఉన్నది. రామేశ్వరం దీవి తిరిగొస్తున్నమని హిందీల చెప్పిన్రు.

అది ఇనంగనే మా అత్త చెంబుల నీళ్లు తెచ్చి వ్యాన్ల వచ్చిన ఆ పెండ్లైన పిల్ల కాళ్లు కడగవట్టింది. మోకాళ్ల నొప్పులతోని ఆమెకు రామేశ్వరం పోవుడు కాలే. పోయొచ్చినోళ్ల కాళ్లు మొక్కితె మనం పోయినట్టే అంటది.

ఆ పిల్ల బెదిరి ఎన్కకు జరిగింది. "అమ్మా, మేం గుడిలకే పోలేదు. అక్కడోళ్ల ఇండ్లల్ల ఉండి దీవంత సైకిల్ మీద తిరిగినం, గంతే."

వాడకట్టోళ్లంత చూస్తున్నరు. నాకు సిగ్గైంది. అత్త చెంబు పట్టుకొని సైకిల్ దిక్కు తిరిగింది.

"అయితె తిరిగింది సైకిలే కద బిడ్డా" అని పోయి, మిగిలిన నీళ్లు చక్రాల మీద పోసింది. కారిన నీళ్లు దోసిట్ల పట్టి నెత్తిన జల్లుకున్నది.

నవ్వాల్నో మొక్కాల్నో నాకు సమజ్ గాలే. ఆ పిల్ల దండం పెడితె నేను గూడ పెట్టిన. పుణ్యం ఎవరికొచ్చిందో ఇప్పటికీ తెల్వది. మా అత్త మాత్రం రామేశ్వరం అయిపోయిందనే చెప్తది. తప్పులు రాస్తె మాఫ్ చెయ్యున్రి.