గుంపులో ఒక పేరు

మా ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గర, రెండో అంతస్తులో. హారన్ల మోత మాకు అలవాటే. అది ఆగితేనే తలెత్తి చూస్తాం. మొన్న ఒక మధ్యాహ్నం అలాగే ఆగింది. దాని బదులు కింద నుంచి ఇంకో శబ్దం వచ్చింది. నాలుగైదు గొంతులు వేరువేరుగా మొదలై, చూస్తుండగానే పెరిగి, చివరికి ఒకటే గొంతైపోయే శబ్దం. కిటికీలోంచి చూస్తే రోడ్డుకి అడ్డంగా ఆటో, దాని చుట్టూ జనం. ట్రాఫిక్ పోలీసు వచ్చాడు, ఏదో సర్దుబాటైంది, హారన్లు మళ్ళీ మొదలయ్యాయి. అందరూ సీట్లలోకి వెళ్ళిపోయారు. నేను మాత్రం చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ శబ్దం వింటే నాకు ఇప్పటికీ ఖైరున్నీసా మేడమ్ గుర్తొస్తారు.

డిగ్రీలో నేను కోరుకున్న గ్రూపు దొరకలేదు. మిగిలిన సీట్లలో సైకాలజీ ఉన్న బి.ఏ. ఒకటి. "అంటే పిచ్చాళ్ళ చదువా అమ్మాయ్?" అని మా నాన్న దిగులుగా అడిగాడు. వ్యవసాయదారుల ఇంట్లో ఆ మాట అంతవరకూ ఎవరూ విని ఉండరు. నాకూ పెద్దగా తెలీదు. రోజూ కంకిపాడు నుంచి బస్సులో విజయవాడ వచ్చి, వెనక బెంచీలో కూర్చుని వెళ్ళిపోతే చాలనుకున్నాను. సామాజిక మనస్తత్వ శాస్త్రం చెప్పడానికి వచ్చిన మేడమ్ కాంట్రాక్టు లెక్చరర్. నలభై దాటి ఉంటాయి. గంజి పెట్టిన నేత చీర, లావుపాటి కళ్ళద్దాలు, మైకు అక్కర్లేని గొంతు. కొత్తవాళ్ళు ఎవరైనా "మీ తెలుగు భలే బాగుందండీ" అని మెచ్చుకుంటే, "మాది కూచిపూడి పక్కనేనండీ, ఇంకే భాష మాట్లాడమంటారు?" అని నవ్వేవారు. వాళ్ళు వెళ్ళాక మా వైపు తిరిగి, "చూశారా, మెచ్చుకోవడంలో కూడా ఒక గీత ఉంటుంది. అటు మీరు, ఇటు మేము" అనేవారు. మా మొదటి పాఠాలు అలాంటివే. పుస్తకం తరవాతెప్పుడో తెరిచారు.

ఒకరోజు రెండు ప్లేట్లలో బియ్యం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకటి పాతది, ఒకటి కొత్తది. ఏది పాతదో వరసగా చెప్పమన్నారు. ముందు బెంచీలవాళ్ళు ఒకరి తరవాత ఒకరు కుడి ప్లేటు అన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. కుడి ప్లేటులోవి ఈ పంటవేనని వాటి తెలుపే చెబుతోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ బియ్యం చూస్తున్నదాన్ని. అయినా నా వంతు వచ్చేసరికి "తెలీదండీ" అన్నాను. క్లాసు నవ్వింది. మేడమ్ నవ్వలేదు.

"ఏ ఊరమ్మా?"

"కంకిపాడండీ."

"కంకిపాడు పిల్లకి బియ్యం తెలీదా? నీ కళ్ళు ఏమన్నాయి?"

"ఎడమ ప్లేటు పాతదన్నాయండీ. కానీ అందరూ అటు అన్నారు కదా..."

అప్పుడు చెప్పారు, ముందు బెంచీలవాళ్ళకి తానే తప్పు చెప్పమని నేర్పానని. "హారిక అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. మధ్యలో ఆగింది. మనలో చాలామందిమి జీవితమంతా ఆ మధ్యలోనే ఉంటాం. అక్కడ మనల్ని ఆపేది ఏమిటో చూడ్డమే ఈ సబ్జెక్టు" అన్నారు. ఆ తరవాతి వారం నేను వెనక బెంచీ వదిలేశాను.

రెండో సెమిస్టరులో మమ్మల్ని బయటికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. మనుషులు ఒంటరిగా ఎలా బేరమాడతారు, పక్కన తెలిసినవాళ్ళుంటే ఎలా ఆడతారు, అది చూడమని ఒక ఉదయం మా నలుగురు అమ్మాయిల్ని కంకిపాడు మార్కెట్టుకే తీసుకొచ్చారు. మా ఊరు నాకే కొత్తగా కనిపించింది. ఆ రోజుల్లో ఫోన్లలో ఒక పుకారు తిరుగుతోంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని, ఆడవాళ్ళు కూడా ఉన్నారని. మా ఇంట్లో కూడా నమ్మారు. వీధిలో పిల్లల్ని ఆడుకోనివ్వడం మానేశారు.

కూరగాయల కొట్ల చివర కేకలు వినిపించాయి. వెళ్ళేసరికి జనం మూగి ఉన్నారు. మధ్యలో బుడగలమ్మే ఒక ఆడమనిషి. ఎక్కడి నుంచో బతకడానికి వచ్చింది, తెలుగు రాదు. తప్పిపోయి ఏడుస్తున్న ఒక పసివాడి చెయ్యి పట్టుకుని, ఊరుకోబెట్టడానికి బుడగ ఇచ్చిందట. అది చాలింది. పిల్లాణ్ణి ఎవరో లాక్కున్నారు. ఆమె జుట్టు ఒకడి చేతిలో ఉంది. ఆమె ఏదో చెబుతోంది. ఎవరికీ అర్థం కావడం లేదు, ఎవరూ వినడమూ లేదు.

మేడమ్ మాకు ఏమీ చెప్పకుండా జనంలోకి తోసుకుంటూ వెళ్ళారు. ఆమెకి అడ్డంగా నిలబడి, "ఆగండి బాబూ, ఆగండి, పోలీసులకి ఫోన్ చేద్దాం" అని అరిచారు. ఆ గొంతు క్లాసులో గోడలు దాటేది. ఇక్కడ పక్క మనిషిని చేరలేదు. "ఇదీ ఆ ముఠాలోదేరా!" అని ఎవరో అన్నారు. తోశారు. మేడమ్ చెయ్యి ఒంటి కింద నలిగేలా సిమెంటు గట్టు మీద పడ్డారు. లేచేసరికి మణికట్టు ఒక పక్కకి వేలాడుతోంది. కళ్ళద్దాలు లేవు. అయినా ఆ ఆడమనిషి ముందు నుంచి కదల్లేదు. నా కోసం వెతుకుతూ అరిచారు.

"హారికా! వీళ్ళలో నీకు తెలిసినవాళ్ళెవరు?"

అప్పటిదాకా నాకు అందులో మొహాలు కనిపించలేదు. అడిగాక కనిపించాయి. ఎరువుల కొట్టు శేషగిరి బాబాయి, మా నాన్నకి పినతండ్రి కొడుకు, చేతిలో కర్రతో ముందు వరసలో ఉన్నాడు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి.

"మా బాబాయి ఉన్నాడండీ!"

"పిలువు. గట్టిగా పిలువు."

"శేషగిరి బాబాయ్!"

రెండోసారి పిలిచాక తిరిగాడు. నిద్రలోంచి లేపినట్టు చూశాడు. "నువ్వేంటే ఇక్కడ?" అన్నాడు.

"ఆవిడ మా మేడమ్, బాబాయ్. చెయ్యి విరిగింది."

అతను మేడమ్ చేతి వైపు చూశాడు. తరవాత తన చేతిలో కర్ర వైపు చూసుకున్నాడు, అది అక్కడికి ఎలా వచ్చిందో తెలీనట్టు. మేడమ్ నొప్పితో పళ్ళు బిగబట్టి కూడా, మామూలుగా అడిగినట్టు అడిగారు: "శేషగిరి గారూ, ఈవిడకి కాస్త మంచినీళ్ళు ఇప్పించండి." బాబాయి కర్ర పక్కన పడేసి, "ఒరే నాగరాజూ, నీళ్ళు పట్రా. ఏడుకొండలూ, ఆ జుట్టు వదులు" అన్నాడు. ఒక పేరు ఇంకో పేరుని లాగింది. పిలిపించుకున్నవాడల్లా ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంతలో పిల్లాడి తల్లి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. బట్టల కొట్టులో చెయ్యి వదిలేశానంది. పోలీసులొచ్చి బుడగలావిణ్ణి క్షేమంగా తీసుకెళ్ళారు. కట్టు వేయించుకోకుండానే మేడమ్ ఆమె వెంట స్టేషనుకి వెళ్ళారు.

కట్టుతో క్లాసుకి వచ్చిన రోజు మేము చప్పట్లు కొట్టాం. వద్దన్నారు. "నాకు చాలా భయమేసింది. ఇప్పటికీ నిద్రలో వేస్తోంది. గుంపుకి చెవులుండవమ్మా. దానితో మాట్లాడబోయి దెబ్బ తిన్నాను. అందులో ఒక మనిషిని వెతుక్కోవాలి, అంతే" అన్నారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఎవరో తీసిన వీడియో తిరగడం మొదలైంది. తల్లి రాకముందే తెగిపోయే వీడియో. దాని కింద కామెంట్లలో మేడమ్ పేరు, ఆ పేరు పట్టుకుని నానా మాటలు. కాలేజీ పరువు పోతోందని యాజమాన్యం స్టాఫ్ మీటింగు పెట్టింది. ఆ సంగతి తెలిసి మా శేషగిరి బాబాయి నాతో కాలేజీకి వచ్చాడు. ఆ గొడవ తరవాత వారం రోజులు మా ఇంటి గడప తొక్కడానికి మొహం చెల్లని మనిషి, ప్రిన్సిపాల్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కర్ర పట్టుకున్నవాణ్ణి నేనండీ. ఆవిడ లేకపోతే ఇవాళ నేను జైల్లో ఉండేవాణ్ణి. ఆవిడ చేసింది తప్పంటే ఎలాగండీ?"

"మీరు చెప్పింది నిజమేనండీ. కానీ పైవాళ్ళు ఒప్పుకోవడం లేదు" అన్నారు ఆయన, చూపు పక్కకి తిప్పుకుని.

మరుసటి ఏడాది మేడమ్ కాంట్రాక్టు పొడిగించలేదు.

కొన్నాళ్ళకి వన్ టౌన్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. సందులో చిన్న వాటా. ఇంటర్ పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నారు. మణికట్టు సరిగ్గా అతకలేదు. ఎడమ చేత్తో టీ పోశారు. ఉండబట్టలేక అడిగాను, ఆ మీటింగులో మీ తరఫున ఎవరూ మాట్లాడలేదా అని.

"లేదమ్మా."

"మీకు కోపం రాలేదా మేడమ్?"

గ్లాసు కింద పెట్టారు. "వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు హారికా. మీటింగయ్యాక అందరూ వచ్చారు. ఒకరు వరండాలో, ఒకరు మెట్ల దగ్గర, ఒకరు ఇంటికే వచ్చారు. అన్యాయం జరిగింది మేడమ్ అన్నారు. ఒకావిడ ఏడ్చింది కూడా. అందరూ వచ్చారు. ఒక్కొక్కరుగా వచ్చారు. అదే నాకు బాధ."

కంకిపాడులో పడిన దెబ్బ గురించి ఆవిడ ఎన్నడూ అలా మాట్లాడలేదు.

పోయిన వర్షాకాలంలో మేడమ్ చనిపోయారు. గుండెపోటు. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. నేను ఇప్పుడు హెచ్.ఆర్. విభాగంలో పనిచేస్తున్నాను. నా పనిలో మీటింగులే ఎక్కువ. ఈమధ్య ఒక మీటింగులో, పై అధికారి చేసిన పొరపాటుని కొత్తగా చేరిన అమ్మాయి మీదికి నెట్టేస్తుంటే, బల్ల చుట్టూ అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఇది ఆమె తప్పు కాదని నేనన్నాను. ఎవరూ నా వైపు చూడలేదు. అధికారి మాట మార్చి టీ బ్రేక్ అన్నాడు. నేను వరండాలోకి రాగానే సీనియర్ సహోద్యోగి ఒకాయన దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "మీరన్నదే కరెక్టండీ హారిక గారూ. నాకూ అదే అనిపించింది."

ఆయన మంచివాడు. నాకు తెలుసు.

"మీటింగు ఇంకా అవలేదండీ," అన్నాను. "లోపలికి రండి. వచ్చి అక్కడ అనండి."