సువర్ణరాజు ఆముదం పాళ్లు

మా ఆగిరిపల్లి సువర్ణరాజుకి లోకంలో ప్రశ్న ఒక్కటే: పెట్రోల్లో నూనె ఏ పాళ్లలో కలపాలి? తక్కిన ప్రశ్నలన్నీ, దేశానికి స్వతంత్రం రావడంతో సహా, దాని తర్వాతే.

ఆయన యుద్ధంలో మోటారు మెకానిక్కుగా పనిచేసి, తిరిగొచ్చేటప్పుడు మిలిటరీవాళ్లు వేలం వేసిన చిన్న మోటారుసైకిలు ఒకటి తెచ్చుకున్నాడు. దాని ఇంజనుకి నూనె విడిగా పోసే ఏర్పాటు లేదు. పెట్రోల్లోనే కలిపి పొయ్యాలి. తక్కువైతే ఇంజను బిగుసుకుపోతుంది, ఎక్కువైతే ప్లగ్గుకి మసి పట్టి బండి ఆగిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడో అసలైన పాలు ఉందనీ, దాన్ని కనిపెట్టడానికే దేవుడు తనని బర్మా నుంచి ప్రాణాలతో పంపించాడనీ ఆయన చెప్పేవాడు.

పోనీ అందరిలా డబ్బా నూనె పోస్తాడా అంటే, లేదు. ఆముదం!

"విమానాలకే పోశారండీ ఆముదం. నా బండి ఎంత?" అనేవాడు, నున్నటి బట్టతల నిమురుకుంటూ.

బండి వీధిలోంచి వెళ్తే ఊరంతా తలంటు పోసుకున్నట్టు వాసన. కాస్త దూరం వెళ్లి ఆగేది. ఆయన దిగి, ప్లగ్గు ఊడదీసి, పంచె చెంగుతో తుడిచే ముందు దారిన పోయేవాళ్లందరికీ చూపించేవాడు. "జిడ్డు నలుపా, పొడి నలుపా? మీరేమంటారు?" మామిడికాయల బళ్లు ఆపుకుని మరీ జనం అభిప్రాయాలు చెప్పేవారు. తోటలు కౌలుకి చేసే నాకు నూజివీడు వెళ్లాలంటే ఆ వెనక సీటే గతి. ఎక్కిన దూరం కంటే తోసిన దూరమే ఎక్కువ.

ఆ పాళ్ల పిచ్చి బండితో ఆగలేదు. మా ఆవిడ బసవమ్మ ఆవకాయ కలుపుతుంటే వచ్చి, "నూనె ఎన్నింటికి ఒకటమ్మా?" అని వాకబు చేశాడు. ఆదివారం గుడి ముందు పాస్టరుగారి చెయ్యి పట్టుకుని, "ప్రసంగం బాగుందండీ. నూనె తగ్గి మధ్యలో కాస్త బిగుసుకుంది, అంతే" అన్నాడు.

ఆముదం మాత్రం కనకమ్మ దగ్గరే కొనేవాడు. గింజలు వేయించి, దంచి, ఉడికించి, పైకి తేలిన నూనె తీసి అమ్మేది ఆవిడ. ఇళ్లల్లోకి కిరసనాయిలు లాంతర్లు వచ్చాక ఆముదం అడిగే నాథుడు లేడు. పొయ్యి ఆరిపోతే రెడ్డిగూడెంలో తమ్ముడి పంచన చేరి, మరదలి చేతి కింద బతకాలి. అది తప్ప ఇంకేదైనా సరేనంటుంది. అలాగని ఎవరి దగ్గరా చెయ్యి చాచదు. జాలిపడి కూర పంపితే గిన్నె వెనక్కి వచ్చేది, కూరతో సహా.

"అక్కా, మూత తియ్యి" అంటూ సువర్ణరాజు ఆవిడ కుండలోకి తొంగిచూసేవాడు. కళ్లు మూసుకుని, బట్టతల నిమిరి, "ఈ వారం పద్నాలుగు పాళ్ల పెట్రోలుకి ఒకటి పోసి చూద్దాం" అనేవాడు.

"పోయిన వారం ఇరవై అన్నావు కదయ్యా?"

"ఇంజను మనసు మారిందక్కా."

"ఇంజనుకి మనసేంటి?"

"అదే కనిపెడుతున్నా."

ఆవిడా పట్టుదల మనిషే. "తేమ లేకుండా ఇంకో పొంగు కాచాను. ఈసారి ఆగితే నన్నడుగు" అనేది. బండి సందు చివర ఆగేది. ఆవిడ వాకిట్లోంచి, "మసి ఏ రంగయ్యా?" అని కేకేసేది.

నలభై ఎనిమిది వేసవిలో, కాయలు కోస్తుండగా మా తోటలో పరదేశి అనే కూలిని పాము కరిచింది. నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎడ్లబండి మీదయితే ఎప్పటికి చేరతాం? సువర్ణరాజు ఇంటికి పరుగెత్తాను. "ఈ ఒక్కసారి ఆగకుండా వెళ్తుందా అండీ?" అని అడుగుతుంటే నాకే భయమేసింది.

ఆయన బండిని వాకిట్లోకి లాగాడు. ట్యాంకులో ఉన్నదంతా బిందెలోకి వంచేశాడు. చూరు కింద దాచిన డబ్బా తెచ్చి, అందులో కలిపి ఉంచిన పెట్రోలు పోశాడు. ఏ పాళ్లో ఎవర్నీ అడగలేదు.

పరదేశిని మధ్యలో కూర్చోబెట్టి నేను వెనకనుంచి పట్టుకున్నాను. ముగ్గురి బరువుతో ఆ బండి బాణంలా పోయింది! ఒక్కచోట ఆగితే ఒట్టు. పొగ లేదు, తలంటు వాసన లేదు. నూజివీడులో డాక్టరు చూసి, కరిచింది నీరుకట్టు పామని, విషం లేదని తేల్చాడు. అప్పటిదాకా ప్రార్థన చేస్తున్న పరదేశి లేచి టీ అడిగాడు.

నేను మాత్రం సువర్ణరాజుని వరండాలో నిలదీశాను.

"ఆ డబ్బాలో ఏం కలిపారు?"

"కంపెనీ నూనెండీ. పదహారుకి ఒకటి. మిలిటరీలో మొదటిరోజే నేర్పారు."

"మరి రెండేళ్లుగా నా చేత బండి తోయించింది?"

"కనకమ్మక్క ఊరికే ఇస్తే పుచ్చుకోదు కదండీ. ఆముదం కొందామంటే మా ఇంట్లో లాంతరుంది. తలకి రాద్దామంటే..." బట్టతల చూపించాడు. "ఇంక బండికి కాక దేనికి పొయ్యను?"

"మరి ఆ పద్నాలుగూ, ఇరవై?"

"ఆవిడ కుండలో ఎంత మిగిలిందో చూసి చెప్పేవాణ్ణండీ. కుండ నిండుగా ఉంటే పద్నాలుగు. అంకె తగ్గేకొద్దీ ఆముదం ఎక్కువ పడుతుంది కదా."

నాకు నవ్వొచ్చింది. ఆయన మీద ఎక్కడలేని ప్రేమ కూడా వచ్చింది.

ఆ వారం ఆయనతో పాటు నేనూ కనకమ్మ వాకిట్లో నిలబడ్డాను. ఆవిడ మూత తీసింది. ఇద్దరం తొంగిచూశాం. ఒక్క చుక్క అమ్ముడుపోలేదు.

"పద్నాలుగుకి ఒకటి..." అని మొదలెట్టాడాయన.

"పద్నాలుగేంటండీ! మొన్న మిట్ట ఎక్కేటప్పుడు ఇంజను ఎలా మూలిగిందో విన్నారా? పన్నెండు లేకపోతే లాభం లేదు" అన్నాను.

సువర్ణరాజు బట్టతల నిమురుకున్నాడు. "పది" అన్నాడు.

"మీకూ పట్టిందా అయ్యా ఈ పిచ్చి?" అంటూ కనకమ్మ బుడ్డి నింపి, ఇంకో చేటెడు గింజలు మూకుట్లో పోసి పొయ్యి రాజేసింది.

సందు మలుపు తిరక్కుండానే బండి ఆగింది. నేను దిగి, ఆయన ఊడదీసిన ప్లగ్గు అందుకుని, దారిన పోయేవాళ్లకి చూపించాను.

"జిడ్డు నలుపా, పొడి నలుపా? మీరేమంటారు?"