కేశవయ్య మొలక పరీక్ష

"…అది కోడి కాదప్పా, టోపీ పెట్టుకున్న గెనుసుగడ్డ!"

"అది బాతు సార్."

"బాతా? బొమ్మేసినోనికి కోడికీ గెనుసుగడ్డకీ తేడా తెలీదు. అమ్మేటోనికి కోడికీ బాతుకీ తేడా తెలీదు. బాగా కుదిరినారు ఇద్దరూ."

"కోడి అన్నది మీరు సార్."

"నేను కొనేటోణ్ణి, నేనేమైనా అంటా. తాలు! లోపల పెట్టు."

ఈ గొంతు వినపడితే చాలు, నా పుస్తకాల అంగట్లో కేశవయ్య ఉన్నాడని వీధి చివర బజ్జీల బండివాడికి కూడా తెలిసిపోతుంది. కేశవయ్యకున్న పిచ్చి ఒక్కటే. పిల్లల బొమ్మల పుస్తకం ఏది చేతికిచ్చినా, పేజీలో అక్షరాలున్న చోట కుడి అరచెయ్యి పరిచి మూసేస్తాడు. దారిన పోయే మనిషిని పిలుస్తాడు. "ఇందులో ఏం జరుగుతాండాదో చెప్పు" అంటాడు. చెప్పగలిగితే పుస్తకం మొలిచినట్టు. చెప్పలేకపోతే తాలు, మొలవని పొల్లు గింజ. రాసినాయన పేరు, ఆయన తెచ్చుకున్న బహుమతులు, అట్ట వెనక అచ్చేయించుకున్న పొగడ్తలు, అన్నిటికీ ఆ అరచేతి కిందే సమాధి.

కర్నూల్లో కూతురింటికి రాకముందు ఆయన కమలాపురంలో ముప్పై ఐదేళ్లు విత్తనాల అంగడి నడిపాడు. తడి గోనెపట్టాలో నూరు గింజలు పరిచి, చుట్టచుట్టి, కొన్నాళ్లాగి విప్పి, ఎన్ని మొలిచాయో చూసుకుని గానీ సంచి మూతి విప్పేవాడు కాదట. పొట్లం మీద నిగనిగలాడే టమోటా బొమ్మను నమ్మి చెడిపోయిన రైతుల్ని చూసిన కన్ను అది. మందు డబ్బా మీద రాసింది చదవలేక, అడగడానికి సిగ్గుపడి, "అద్దాలు తేలేదు శెట్టీ" అని ముఖం తిప్పుకుని వెళ్లిపోయిన వాళ్లనూ చూసింది. ఆ కన్ను ఇప్పుడు కుందేళ్ల మీద, ఏనుగుల మీద పడింది. వాటి ఖర్మ.

నా ఖర్మ కూడా. ఊళ్లో కొందరు వ్యాపారులు కలిసి, నలభై అంగన్‌వాడీలకు బొమ్మల పుస్తకాలివ్వడానికి ఒక సంఘం పెట్టారు. పిల్లలు శనివారం ఒక్కో పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలి, సోమవారం తిరిగి తేవాలి. అందుకు పన్నెండు పుస్తకాలు ఎంచాలి. అధ్యక్షురాలు సుచరిత గారు, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. సభ్యులు ఇద్దరు. ఒకరు కేశవయ్య, రెండో అతను ప్రైవేటు బడి నడిపే భూపేష్. పుస్తకాలు తెప్పించి చూపించడం నా పని.

పుస్తకాలు ఎంచడంలో మా ఊరి తెలివి అంతకుముందు మాత్రం ఏం వెలిగిపోయిందని? ఒకాయన మూడేళ్ల కొడుక్కి "ఎంట్రెన్సుకు పనికొచ్చే బొమ్మలు" అడిగాడు. ఒకావిడ సోఫా రంగుకు నప్పేవి నాలుగు ఏరుకుని పోయింది. ఇంకొకాయన పుస్తకాన్ని అరచేతిలో ఎగరేసి బరువు చూసి, "ఇన్ని దుడ్లు పెడితే ఇంతేనా?" అన్నాడు. భూపేష్ వీళ్లందరికంటే చదువుకున్నవాడు కాబట్టి అతని మూర్ఖత్వానికి ఒక పద్ధతి ఉంది. పేజీలో ఎన్ని ఎక్కువ మాటలుంటే పుస్తకం అంత మంచిది. పక్కనే ఇంగ్లీషులో కూడా ఉంటే రెండింతలు మంచిది. బొమ్మలు, మాటలు అయిపోయాక మిగిలిన జాగాలో వేసుకోవచ్చు.

మొదటివారం భూపేష్ కొనమని రాసిచ్చిన జాబితాలోంచి ఒక మంచుమనిషి పుస్తకం తీశాను. కేశవయ్య అక్షరాలు మూసి, మూటలు దించుతున్న హమాలీ ఓబుళేశును పిలిచాడు.

ఓబుళేశు చేతులు తుడుచుకుని బొమ్మ వైపు చాలాసేపు చూశాడు. "పత్తి కుప్ప" అన్నాడు.

"మరి ఆ ముక్కేంది?"

"క్యారెట్టు. కండ్లు పెట్టినారు, మెడకు గుడ్డ చుట్టినారు. చేన్లో దిష్టిబొమ్మ అది. పత్తి బాగా పండినట్టుండాది, ఎవరి కన్నో పడతాదని పెట్టింటారు."

"తర్వాత?"

ఓబుళేశు పేజీ తిప్పాడు. ఎండకు మంచుమనిషి కరిగి సగమయ్యాడు. "వాన పడింది" అన్నాడు బాధగా. "పత్తంతా పాయ."

"మొలిచింది కదా సార్?" అన్నాను ఆశగా.

"మొలిచింది. వేసింది శనగ, మొలిచింది జొన్న. లోపల పెట్టు."

జ్ఞానమణి మా వీధికి అలవాటైంది ఆ రోజుల్లోనే. మార్కెట్ యార్డులో ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, ఏరే పని ఆమెది. సాయంత్రం నా అంగడి మెట్ల దగ్గరే షేర్ ఆటో కోసం నిలబడేది. కేశవయ్య పిలవగానే రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకు సదువు రాదు పెద్దాయనా. వేరేవాళ్లను అడుగుపో."

"నాకు మాత్రం వస్తాదా? వచ్చింటే నిన్నెందుకు పిలుస్తా?" అన్నాడు కేశవయ్య. అని, నా బల్ల మీది పేపరు తీసుకుని ముఖానికి అడ్డంగా పట్టుకుని, కనుబొమలు ముడిచి, పెదాలు కదిలించాడు. అందులో నగల దుకాణం ప్రకటన ఉంది. ఆ ప్రకటనలోని అమ్మాయి తలకిందులుగా నవ్వుతోంది. "ఊహూ. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కూర్చోమ్మా, ఇద్దరం కలిసి చూద్దాం."

ఆమె పేపరు వైపు చూసింది, ఆయన వైపు చూసింది, కూర్చుంది.

పిల్లల పుస్తకాలు ఎంచే మనిషికి చదువు రాదని నాకు తెలిసింది అప్పుడే. రాత్రిలోపు వీధంతటికీ తెలిసింది. ఎలా తెలిసిందో నన్ను అడగొద్దు. అంగడివాడికి నోరే పెట్టుబడి.

ఆ తర్వాత రుజువులకు కొదవలేదు. నెత్తిమీద అద్దాలు పెట్టుకుని "అద్దాలు తేలేదు" అనేవాడు. ఆటో వెనక రాసింది ఏమిటని జ్ఞానమణినే అడిగేవాడు. "నన్నడిగితే నాకేం తెలుస్తాది?" అని ఆమె నవ్వేది. "ఏదో తిట్టినట్టుండాది" అని తేల్చేవాడు ఆయన.

ఒక సాయంత్రం మేకపిల్ల పుస్తకం ఆమె ముందు తెరిచాడు.

"ఇది ఇంట్లో అలిగి పోతాండాది" అంది జ్ఞానమణి.

"అలిగిందని యాడ రాసినారమ్మా?"

"రాసేదేంది? తోక చూడు ఎట్ల బిగబట్టిందో. తల్లిమేక పిలుస్తాండాది, ఇది ఇననట్టు నటిస్తాండాది. మా ఆరాధన ఇంతే."

కేశవయ్య చెయ్యి తీసి, చదవమని నాకు సైగ చేశాడు. 'మేకపిల్ల ఇంటి నుంచి బయలుదేరింది' అని ఉంది. అలక సంగతి పుస్తకం రాసినాయనకే తెలియదు.

"మొలిచింది!" అని కేశవయ్య వేసిన కేకకు ఎదురింటి కాకి లేచిపోయింది.

ఆరాధన జ్ఞానమణి మనవరాలు. నాలుగేళ్లు. కూలికి పోయే కూతురు బిడ్డను ఈమె దగ్గరే ఉంచింది. వాళ్ల అంగన్‌వాడీకి భూపేష్ ముందే తన బడిలోని పాత పుస్తకాలు కొన్ని దానం చేసి, ఫొటో తీయించుకుని ఉన్నాడు.

"శనివారం పుస్తకం తెచ్చింది పిల్ల" అంది జ్ఞానమణి, మేకపిల్ల పేజీలు తిప్పుతూనే. "అన్నీ అక్షరాలే, చీమలు పాకినట్టు. చదువవ్వా అనింది. కండ్లు మండుతాండాయి పాపా అని చెప్పినా. ఆ పై శనివారం కూడా మండినాయి. మూడో శనివారం అది నన్ను అడగనే లేదు. పుస్తకం తీసుకుని పక్కింటికి పోయింది."

కేశవయ్య ఆ రోజు భూపేష్ జాబితాలోవి మరో ఏడు పుస్తకాలు తాలు చేసి పోయాడు.

మూడు నెలలకు పన్నెండు పుస్తకాలు మొలిచాయి. అన్నీ జ్ఞానమణి చేతి మీదుగా మొలిచినవే. భూపేష్ జాబితాలోది ఒక్కటీ లేదు. శనివారం నా అంగడి వెనక గదిలో సంఘం కూర్చుంది. నలభై అంగన్‌వాడీలకు పోయే పుస్తకాలు ఎవరివో ఆ రోజు తేలాలి. కేశవయ్య తన వెంట జ్ఞానమణిని తీసుకొచ్చాడు.

"ఈమెవరు?" అన్నారు సుచరిత గారు.

"నా గోనెపట్టా మేడమ్."

"నేను గోనెపట్టానా? తడిపి చుట్టేస్తావా ఏంది?" అంది జ్ఞానమణి. సుచరిత గారు నవ్వు ఆపుకుని కుర్చీ చూపించారు.

భూపేష్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, పెద్దాయనంటే నాకు గౌరవమే. కానీ అక్షరం ముక్క రాని మనిషి పిల్లలకు పుస్తకాలు ఎంచేదేంది? ఊరంతా నవ్వుతాండాది." ఊరికి ఎవరు చెప్పారోనని నేను ఫ్యాను వైపు చూశాను. అతను సంచిలోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. పైన తెలుగు, కింద ఇంగ్లీషు. గెనుసుగడ్డ పుస్తకమే. "ఇంగ్లీషు వద్దులే. తెలుగులో ఒక్క వాక్యం చదవమనండి. చదివితే ఆయన పన్నెండు పుస్తకాలూ నలభై అంగన్‌వాడీలకు పోనీండి. చదవకపోతే నా జాబితా పోతాది, ఆయన ఇంటికి పోతాడు."

"ఏమంటారు కేశవయ్య గారూ?" అన్నారు సుచరిత గారు.

కేశవయ్య పుస్తకం వైపు చూశాడు. తర్వాత పక్క కుర్చీ వైపు చూశాడు. జ్ఞానమణి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన జేబు తడుముకున్నాడు.

"అద్దాలు తేలేదప్పా."

"నెత్తిన ఉండాయి గదా!" అన్నాడు భూపేష్.

కేశవయ్య అద్దాలు తీసి, పంచె అంచుతో తుడిచి, జేబులో పెట్టుకున్నాడు. "ఇవి దూరం చూసేవి" అన్నాడు. "సరే, నాకు రాదు. రాసుకోండి మేడమ్."

ఒక్క తాలు గింజకు కూడా లొంగని మనిషి అంత తేలిగ్గా ఓడిపోవడం నేను చూడలేదు. భూపేష్ తన జాబితా మడత విప్పాడు. సుచరిత గారు కలం మూత తీశారు.

"ఆయప్పకు వస్తాది" అంది జ్ఞానమణి.

"నువ్వూరుకోమ్మా" అన్నాడు కేశవయ్య గాభరాగా.

"ఏమూరుకునేది? పిల్ల మళ్లీ పక్కింటికి పోవల్లనా?" ఆమె సుచరిత గారి వైపు తిరిగింది. "వస్తాది మేడమ్. నాకు మొదటి దినమే తెలుసు. పేపరు తిరగేసి పట్టుకున్యాడు."

"అదే కదమ్మా నేను చెప్పేది!" అన్నాడు భూపేష్.

"నీకు సదువుండాది గానీ బుద్ధి యాడుండాది నాయనా? సదువు రానోళ్లు ఎవరన్నా పేపరు తిరగేసి పట్టుకుంటారా? మాకు అక్షరం తెలీకపోతే, మనిషికి తల యాడుండల్లో కూడా తెలీదా? నగలు పెట్టుకున్న పిల్ల ఉండాది అందులో, తల కిందికి, మెడ పైకి. బొమ్మ చూసి మేం సక్కగానే పట్టుకుంటాం. తిరగేసేది సదువుకున్నోళ్లు. మా మాదిరి ఏషం కట్టేటప్పుడు."

సుచరిత గారు కలం కింద పెట్టారు. "మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?"

"నా కోసరం అంత కష్టపడి సదువు మరిచిపోయినాడు. నేనెట్ల గుర్తు చేసేది?"

కేశవయ్య ముఖం దొంగ విత్తనాలతో దొరికిన వాడి ముఖంలా అయింది. ఒకసారి దగ్గాడు. జేబులోంచి అద్దాలు తీసి, ముక్కు మీద పెట్టుకుని, గెనుసుగడ్డ పుస్తకాన్ని ముందుకు లాక్కున్నాడు.

"'ఎర్రటి కోడి ఏటిలో ఈదుతోంది'" అని ఒక్క ఊపిరిలో చదివి, పుస్తకాన్ని భూపేష్ వైపు తిప్పాడు. "కోడి! ఏట్లో ఈదుతాండాదంట! బొమ్మేసినాయన బాతును వేసినాడు, రాసినాయన కోడని రాసినాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్న పాపాన పోలేదు. కింద ఇంగ్లీషులో మేక అని ఉండాది. తాలు!" తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ పొద్దు కోడి అంటే నన్ను ఎగతాళి చేసినావు గదప్పా. నువ్వు అమ్మే పుస్తకం నువ్వెప్పుడన్నా తెరిచినావా?"

తెరవలేదు. అమ్మడానికి తెరవాల్సిన పనేముంది?

"కేశవయ్యా, ఆ ఆటో వెనక ఏం రాసింటారు?" అని అడిగింది జ్ఞానమణి, అదను చూసి.

"'నన్ను చూసి ఏడవకురా' అని."

"నేను చెప్పలా, తిట్టినట్టే ఉండాదని."

"చెప్పింది నేను!"

"నిశ్శబ్దం" అన్నారు సుచరిత గారు, బల్ల మీద కలంతో కొట్టి. భూపేష్ ఆవిడ దగ్గర మూడో తరగతి చదివాడు. అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. ఆవిడ కాగితం మీద ఏదో రాసి, కింద సంతకం పెట్టి, పైకి చదివారు.

"పన్నెండు పుస్తకాలూ కేశవయ్య గారి జాబితాలోవే పోతాయి. వచ్చే విడత నుంచి పుస్తకాలు ఎంచేది జ్ఞానమణి. అక్షరాలు మూసేది కేశవయ్య గారు. పుస్తకం పట్టుకునేది భూపేష్, తలకిందులు కాకుండా."