రంధ్రం లేని బీగం

హిందూపురంలో పరిగి రోడ్డు మలుపు తిరిగే చోట, మందుల షాపు మెట్ల పక్కన, నల్లగొడుగు కింద కూర్చుని హుస్సేన్ తాళంచెవులు చేస్తాడు. ఎదురుగా ఒక పాత చెక్క, దానికి గుత్తులుగా వేలాడే, ఇంకా కోతలు పడని పచ్చి తాళంచెవులు, చెవిని బిగించి పట్టే ఒక చిన్న వైసు, నాలుగైదు ఆకురాళ్ళు, ఒక కిరోసిన్ బుడ్డి. ఆయన కార్ఖానా మొత్తం అంతే. ఊళ్ళో తాళాన్ని బీగం అంటారు కాబట్టి ఆయన్ని అందరూ బీగాల హుస్సేన్ అనే పిలుస్తారు.

పుట్టింది పెనుకొండలో. తండ్రి గొడుగులు, స్టవ్వులు బాగుచేసేవాడు. హుస్సేన్‌కు మీసాలు మొలిచే వయసులో ఎవరో తెరుచుకోని ఇత్తడి తాళమొకటి పారేస్తే, దాన్ని రంపంతో రెండుగా కోసి చూశాడు. లోపల ఇత్తడి పిన్నులు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో ఎత్తు. ఒక్కోదాని వెనక వెంట్రుకంత సన్నటి స్ప్రింగు. సరైన చెవి దూరితే తప్ప అవన్నీ ఒకే గీతకు రావు. అరచేతిలో పట్టే వస్తువులో ఇంత ఆలోచన పెట్టినవాడు ఎవడై ఉంటాడని ఆ కుర్రవాడు నోరు తెరిచి చూస్తూ కూర్చుండిపోయాడు. అప్పట్నుంచి తాళాలే ఆయనకు గురువులు.

చెవి పోయిన తాళానికి చెవి చెయ్యడం ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పచ్చి చెవిని బుడ్డి మీద పట్టి మసి పట్టిస్తాడు. తాళంలో పెట్టి ఒక్క మెలి తిప్పి, మెల్లగా బయటికి లాగుతాడు. ఏ పిన్ను ఎక్కడ అడ్డుపడిందో అక్కడ మసి మీద సూదిమొనంత చుక్క పడుతుంది. ఆ చుక్క దగ్గరే ఆకురాయితో రెండు గీతలు గీస్తాడు. మళ్ళీ మసి, మళ్ళీ మెలి. అలా తాళం చెప్పేది వింటూ పోతే చివరికి అదే తెరుచుకుంటుంది. పగలగొట్టడం ఆయనకు చేతకాదు. ఎవరి తాళమో తెలియకుండా ముట్టనూ ముట్టడు.

ఆ పొద్దున గొడుగు ముందుకొచ్చి నిలబడిన మనిషికి కుడిచెయ్యి బొటనవేలి కొన దాకా పిండికట్టు ఉంది. ఎడమచేతిలో రుమాలు మూట.

"బీగాల హుస్సేన్ అంటే నువ్వేనా అన్నా?"

"నేనే. యా బీగం? ఇంటిదా, బండిదా?"

అతను రుమాలు విప్పాడు. అందులో స్మార్ట్‌ఫోన్ ఉంది.

"ఏమప్పా, పొద్దున్నే ఎగతాళికి నేనే దొరికినానా? ఫోన్ల అంగడి ఆ సందులో ఉండాది, పో."

"అంగళ్ళన్నీ తిరిగొచ్చినా అన్నా. నాది ధర్మవరం, పేరు యల్లప్ప. పెనుకొండ బస్టాండులో ఫోన్లు బాగుచేసే ముజమ్మిల్ అని ఉండాడే, ఆ పిల్లోడు నిన్ను చూపించినాడు."

ముజమ్మిల్ హుస్సేన్ చెల్లెలి కొడుకు. హుస్సేన్ తన బటన్ల ఫోన్ తీసి అక్కడే వాడికి చేశాడు.

"ఏమిరా, చెయ్యి విరిగిన మనిషిని ఊళ్ళెంబడి తిప్పుతాండావా?"

అవతల ముజమ్మిల్ పకపకా నవ్వాడు. "అయ్యో మామా, తమాషాకు అంటి! పగలగొట్టకుండా బీగం తీసేది మా మామ ఒక్కడే అంటే ఆయప్ప నిజంగానే బస్సెక్కేసినాడా?" తర్వాత గొంతు తగ్గించాడు. "నా చేతిలో ఉండేది ఒకటే దావ మామా. లోపల ఉండేదంతా తుడిచేసి కొత్త ఫోన్ మాదిరి చేసిచ్చేది. ఆయప్పకు అది వద్దు. నెట్‌లో యాడన్నా ఇంకో కాపీ ఉండాదేమోనని వెతికినా, లేదు. ఫోన్‌లో ఏముండాదో ఆయప్పనే అడుగు."

హుస్సేన్ ఫోన్ పెట్టేసి తను కూర్చునే డబ్బాను అతని వైపు జరిపాడు. "కూర్చో అప్పా. ఏముండాది ఇందులో?"

"ఒక కొంగు ఉండాది అన్నా."

యల్లప్ప పట్టుచీరలు నేసేవాడు. కొత్తచెరువు నుంచి కుళ్ళాయమ్మ అనే ముసలామె తన పెళ్ళిచీర పట్టుకొచ్చి, మనవరాలికి అచ్చం ఇలాంటిదే కావాలని అడిగింది. మడతల దగ్గర చీలిపోయిన చీర అది. దాని కొంగులాంటి కొంగును యల్లప్ప తన జన్మలో చూడలేదు. జానెడు జానెడు చొప్పున ఫోన్‌లో ఫొటోలు తీసుకుని చీర తిరిగిచ్చేశాడు. కొత్తది వస్తోంది కదా, ఈ పీలికలెందుకని ఆమె దాన్ని పాతజరీ కొనేవాడికి ఇచ్చేసింది. వాడు పట్టును కాల్చేసి, జరీలోని వెండిని కరిగించుకున్నాడు.

"అంచు, ఒళ్ళు నేసేసినాం. కొంగుకు అట్టలు కొట్టించాల, యా పోగు లేవాలో మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలు. దానికి ముందు గ్రాఫ్ కాగితం మీద బొమ్మ ఎక్కించాల, ఫొటోలు చూసుకుంటా. ఆ పనికి పోతానే బండి జారి పడితి. ఇప్పుడు మగ్గం మీద మా కూతురు సంగీత కూర్చుంటాండాది. కొంగు కాడికొచ్చి మగ్గం నిలబడిపాయె."

"తెరిచే గీత నీకు తెలీకుండా ఎట్ల పోతాది?"

"చేతికి తెలుసన్నా, నాకు తెలీదు. ఫోన్ తీస్తానే బొటనవేలు దాని పాటికది గీసుకుంటా పోయేది. ఏనాడూ చూసి గీసినోణ్ణి కాదు. ఇప్పుడు ఎడమచేత్తో గీద్దామంటే ఏమీ తోచదు. మూడేండ్ల గీత, కట్టు కింద ఇరుక్కునింది."

"వేలిముద్ర?"

యల్లప్ప ఎడమచేతి వేళ్ళు ముందుకు చాపాడు. పోగులు లాగి లాగి కొనలు గులకరాయిలా నున్నగా మెరుస్తున్నాయి. "వీటిని యా మిషనూ ఒప్పుకోదు."

హుస్సేన్ అతని నంబరు అడిగి తన ఫోన్ నుంచి కొట్టాడు. రుమాలులో ఫోన్ మోగింది. బీగం ఇతనిదేనని తేలాక గానీ ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

తీసుకుని నాలుగు పక్కలా తిప్పి చూశాడు. చెవి దూరే సందు లేదు. లోపల కదిలే పిన్నుల చప్పుడు లేదు. గోటితో తడితే ఉత్తి అద్దం. తెర వెలిగించమంటే యల్లప్ప వెలిగించాడు. తొమ్మిది చుక్కలు, అంతే.

"తప్పు గీస్తే ఏమైతాది?"

"కొంచేపు ఆగమంటాది. మళ్ళా తప్పయితే ఇంకా ఎక్కువసేపు. మళ్ళా తప్పయితే ఇంకా."

హుస్సేన్ ఫోన్‌ను అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. ఎన్ని తాళాలు చూశాడు! ఇనపబీరువాలు, పాత సత్రాల తలుపులు, ఎక్కడెక్కడివో బండ్లు. తప్పు చెవి పెట్టినవాణ్ణి పల్లెత్తు మాటనకుండా పక్కన కూర్చోబెట్టే తాళాన్ని ఇదే చూడటం. రంధ్రం లేదు, పిన్ను లేదు, చెవి కూడా లేదు. చెవి ఒక మనిషి వేలిలోని కదలిక. దాన్ని దొంగిలించలేరు, పారేసుకోలేరు. కానీ పారేసుకున్న మనిషి ఎదురుగానే ఉన్నాడు. ఎంత గొప్ప పనివాడు చేశాడో దీన్ని అనుకున్నాడు. మీసాలు మొలిచే వయసులో ఇత్తడి తాళం ముందు పడ్డ ఆశ్చర్యమే మళ్ళీ వచ్చి గుండెలో కూర్చుంది.

"ఏమన్నా, నీకూ కాదా?" అని యల్లప్ప పైగుడ్డ కొనతో అద్దం తుడవబోయాడు.

హుస్సేన్ చటుక్కున అతని మణికట్టు పట్టుకున్నాడు. "తుడవాకు! మసి మీద చుక్కను తుడిచినట్టే."

ఫోన్‌ను ఎండకు ఏటవాలుగా పట్టి చూశాడు. అద్దం నిండా జిడ్డుగీతలు. అడ్డం, నిలువు, వంకర, ఒకదాని మీద ఒకటి. ఈ కొన్నాళ్ళుగా ఎడమచెయ్యి వెతుక్కున్న గీతలవి. వాటిలో ఏది అసలుదో ఏ కన్నూ చెప్పలేదు. ఆయన ఫోన్ దించి, ఎత్తి, మళ్ళీ దించాడు. జిడ్డు నిన్నటిది. అరుగుదల మూడేళ్ళది. తుడిస్తే నిన్నటిది పోతుంది, అరిగింది పోదు. పాత చెవి మీద తుప్పు గీకినప్పుడు అసలు కోతలు బయటపడేది ఇలాగే. కానీ ఇది ఇత్తడి కాదు, అద్దం. అద్దం అరుగుతుందా? అరక్కపోతే, ఉన్న కాస్త ఆనవాలూ తన చేత్తోనే చెరిపేసినట్టవుతుంది.

"ఈ అద్దం మీద అంటించిన పలక ఎప్పటిది?"

"ఫోన్ కొన్నప్పటిదే అన్నా. ఏనాడూ మార్చింది లేదు. జరీ పట్టుకునే వేళ్ళతోనే గీసేది."

జరీ అంటే లోహపు పోగు. దాని పొడి అంటిన వేలు అద్దాన్నైనా అరగదియ్యగలదు. హుస్సేన్ ఆ మాట పట్టుకుని లేచాడు. నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, అద్దమంతా తుడిచాడు. పొడిగుడ్డతో మరోసారి తుడిచాడు.  ఇప్పుడు తెర నల్లగా, ఖాళీగా ఉంది.

హుస్సేన్ దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుని, చలికి చేతుల మీద ఊదుకున్నట్టు, మెల్లగా వెచ్చటి ఊపిరి వదిలాడు.

అద్దమంతా తెల్లటి ఆవిరి పట్టింది, ఒక్క దారిలో తప్ప. అక్కడ ఆవిరి పట్టలేదు. కింద ఎడమ మూల నుంచి నిటారుగా పైమూలకు, అక్కణ్ణించి ఏటవాలుగా కింద కుడి మూలకు, మళ్ళీ అక్కణ్ణించి ఒక చుక్క పైకి. నల్లటి దారి కాసేపు నిలిచి, ఆవిరితోపాటే మాయమైపోయింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇంకొకసారి ఊదన్నా," అన్నాడు యల్లప్ప రహస్యం చెప్పినట్టు.

మళ్ళీ ఊదాడు. మళ్ళీ అదే దారి. మూడేళ్ళు ఒక మనిషి తనకు తెలియకుండా రాసుకున్న రాత. హుస్సేన్ బలపంతో తన చెక్క మీద ఆ గీతను దింపుకున్నాడు.

"రెండు కొనలుండాయి. యాన్నించి మొదలో తెలియాల. ఈ కుడిపక్క కొన చూడు, మందంగా అరిగుండాది. చెవి కూడా ముందు దూరే కొనే ఎక్కువ అరుగుతాది. ఇదే మొదలు. గియ్యి."

"నువ్వే గియ్యన్నా, నాకు భయంగా ఉండాది."

"నీ బీగం అప్పా. నువ్వే తియ్యాల."

యల్లప్ప కుడిపక్క నుంచి మొదలుపెట్టి ఎడమచేత్తో గీశాడు. గీత ఎర్రబడింది. తెర మళ్ళీ వేచి ఉండమంది, ఈసారి ఇంకా ఎక్కువసేపు.

హుస్సేన్ తల వంచుకున్నాడు. "నాదే తప్పు. ఇత్తడి లెక్క అద్దానికి వేసినా." టీ చెప్పాడు. ఇద్దరూ గ్లాసులు పట్టుకుని, అలిగిన చుట్టాన్ని చూస్తున్నట్టు ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నారు.

సగం టీ తాగి యల్లప్ప ఆగిపోయాడు. గ్లాసు పట్టుకున్న ఎడమ బొటనవేలిని చూపుడువేలి మీద రుద్దుకుంటున్నాడు.

"అన్నా, పోగు తెగితే మేము ఎట్ల అతుకుతామో చూసినావా? రెండు కొనలు కలిపి, పురి పెట్టి, చివర్లో ఇట్ల గట్టిగా అదుముతాం. అదమకపోతే ఊడొస్తాది. చిన్నప్పట్నుంచి అదే అలవాటు. నేను యా పనైనా చివర్లో అదిమే విడుస్తా. అన్నం కలిపినా అంతే. మా ఇంట్లో భాగ్య నవ్వుతాది, ముద్దకు కూడా ముడేస్తాడని."

హుస్సేన్ గ్లాసు కింద పెట్టాడు. "అయితే మందంగా ఉండేది..."

"అది చివర. మొదలు కాదు."

గడువు అయ్యేదాకా ఆగారు. తర్వాత యల్లప్ప కింద ఎడమ మూల మీద వేలు పెట్టాడు. పైకి వెళ్ళాడు. ఏటవాలుగా దిగాడు. ఒక చుక్క పైకెక్కి, అక్కడ గట్టిగా అదిమి, విడిచాడు.

తెర తెరుచుకుంది.

చప్పుడు లేదు. తాళం తెరుచుకున్నప్పుడు వినిపించే టిక్కు కూడా లేదు. చిన్న చిన్న రంగుల బొమ్మలు వరసగా వచ్చి నిలబడ్డాయి, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు. యల్లప్ప ఫోన్‌ను గుండెకు ఆనించుకున్నాడు. తర్వాత ఎడమచేత్తో తడుముకుంటూ ఫొటోలన్నీ ఒక్కొక్కటే కూతురికి పంపించాడు. చివరిది వెళ్ళీ వెళ్ళకముందే సంగీత ఫోన్ చేసింది.

"నాయనా, వచ్చినాయి! అన్నీ వచ్చినాయి! యా మాయగాడు తీసినాడు?"

"బీగాలాయన, అమ్మీ. హుస్సేన్ పెద్దనాయన. నోటితో ఊదినాడు, తెరుచుకునింది."

"మంత్రమేసినాడా?"

"కాదమ్మా," అన్నాడు హుస్సేన్ పక్కనుంచి. "మీ నాయన వేలు రాసి పెట్టుకునింది. నేను చదివినానంతే. అది కూడా తప్పు చదివితి."

యల్లప్ప ఒక ఫొటోను వేళ్ళతో విప్పి పెద్దది చేసి ఆయన ముందు పెట్టాడు. జొన్నకంకుల వరసలు, ప్రతి కంకి మీదా ఒక పిట్ట. ఒకటి గింజ పొడుస్తోంది, ఒకటి వెనక్కి తిరిగి చూస్తోంది, ఒకటి ఎగరబోతోంది. హుస్సేన్ వరస వరసా చూసుకుంటూ పోయాడు. ఏ రెండు పిట్టలూ ఒక తీరున లేవు.

"అట్టలు లేని కాలం అన్నా. మగ్గం మీద ఒకరు కూర్చుని దారాలు పైకి లాగుతా ఉంటే, కింద ఇంకొకరు నేసినారు. ఎవరో, ఏ ఊరోళ్ళో, ఎవరికీ తెలీదు. చీర బూడిదైపాయె. ఈ పిట్టలు ఇంక ఈ ఫోన్‌లోనే ఉండాయి."

హుస్సేన్ ఫోన్‌ను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక్క మీట నొక్కి తుడిచేసి ఉంటే పోయేది ఇది.

కొంగు మగ్గమెక్కిందని కబురు వచ్చిన రోజు ఆయన గొడుగు ముడిచి రైలెక్కి ధర్మవరం వెళ్ళాడు. సంగీత గుంతమగ్గంలో కాళ్ళు దించుకుని కూర్చుని ఉంది. ఫోన్ పక్కనే గూట్లో, కొంగు ఫొటో తెరిచి ఉంది. పైన అట్టలు ఒక్కొక్కటే తిరుగుతున్నాయి. హుస్సేన్ బట్ట వైపు చూసి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. చిందరవందరగా జరీపోగులు తప్ప ఏమీ కనపడలేదు.

"అది వెనకపక్క, పెద్దనాయనా," అని సంగీత నవ్వింది. "దీన్ని తిరగేసి నేస్తాండాం. ముఖం కిందికి ఉంటాది. గుంతలోకి వంగి చూడు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులు నేలకు ఆనించి, మగ్గం కింద తల పెట్టాడు. కింది చీకట్లో బంగారు కంకులు వెలుగుతున్నాయి. కంకి మీద సగం పిట్ట ఉంది. ముక్కూ మెడా వచ్చాయి, రెక్క ఇంకా రాలేదు. పైన సంగీత కాలిపలక తొక్కింది. అడ్డపోగు మోసే నాడె అటునుంచి ఇటు వచ్చింది. పిట్టకు వెంట్రుకంత రెక్క మొలిచింది.

"చాల్లే అన్నా, నడుము పట్టేస్తాది, లెయ్యి," అన్నాడు యల్లప్ప.

"ఉండప్పా," మగ్గం కిందనుంచి వచ్చింది హుస్సేన్ గొంతు. "ఇది ఎగిరేదా, కూర్చునేదా చూడనీ."