మట్టల ఆదివారం సోడా కేకు

మా స్కూల్లో సగం మంది టీచర్లు జూలై ఒకటినే పుట్టారు. పల్లెటూళ్ళలో బడిలో వేసిన రోజున హెడ్మాస్టరు గారి నోటికి ఏ తేదీ వస్తే అదే పుట్టినరోజు. నాదీ ఆ బాపతే. నేను పుట్టేనాటికి చేలో పత్తి తీస్తున్నారని మా అమ్మకి జ్ఞాపకం. అంతకు మించి మా ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

నా స్నేహితురాలి సంగతి వేరు. ఆమెకి రెండు పుట్టినరోజులు. కాగితాల్లో ఆమెదీ జూలై ఒకటే. అసలు పుట్టింది మాత్రం మట్టల ఆదివారం నాడు. ఈస్టరుకి ముందు ఆదివారం క్రైస్తవులు మట్టలు పట్టుకుని, పాటలు పాడుకుంటూ చర్చికి వెళ్తారు కదా, ఆ రోజున. వాళ్ళమ్మ నిండు నెలలతో ఈత మట్ట పట్టుకుని ఊరేగింపులో నడుస్తుంటే నొప్పులు వచ్చాయట. తేదీ ఎవరికీ గుర్తులేదు, పండగ గుర్తుంది. ఈస్టరు ఏటా ఒకే తేదీన రాదు కాబట్టి ఆమె పుట్టినరోజు కూడా ఒక ఏడు మార్చిలో, ఒక ఏడు ఏప్రిల్లో వచ్చేది. “నీ పుట్టినరోజుకి కాళ్ళున్నాయే” అని ఏడిపించేదాన్ని.

తిరువూరులో ఒక మేడ మీద రెండు గదుల పోర్షన్లో మేమిద్దరం చాలా ఏళ్ళు కలిసి ఉన్నాం. నేను సోషల్ చెప్తాను, ఆమె సైన్సు. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. ఊళ్ళోవాళ్ళు మొదట్లో జాలిపడ్డారు, తర్వాత సంబంధాలు తెచ్చారు, చివరికి విసుగెత్తి ఊరుకున్నారు. మా వాళ్ళకి వ్యవసాయం, వెంకన్న మొక్కులు. ఆమె వాళ్ళకి చర్చి, ఉపవాస ప్రార్థనలు. దేవుళ్ళు వేరైనా కుక్కరు ఒకటే కాబట్టి మాకే ఇబ్బందీ రాలేదు.

కిందటేడు వేసవిలో ఆమె పెళ్ళి చేసుకుంది, నలభై దాటి చాలా ఏళ్ళయ్యాక. ఆయనకి రెడ్డిగూడెం దగ్గర మామిడితోట ఉంది, మొదటి భార్య పోయింది, మనిషి మంచివాడు. మంచివాడు కావడం వల్లే నాకు ఆయన్ని తిట్టుకునే అవకాశం కూడా లేకుండా పోయింది. ఆమె బదిలీ పెట్టుకుని అటే వెళ్ళిపోయింది. నేను అదే పోర్షన్లో ఉండిపోయాను. మాట్లాడే మనిషి లేక, పాలు పోయడానికి వచ్చినాయనతో కూడా ఎండల గురించీ కరెంటు గురించీ చర్చలు పెట్టేదాన్ని. పాపం ఆయన నన్ను చూడగానే సైకిలు స్టాండు వేయడం మానేశాడు.

పెళ్ళయిన ఏడాదే జూలై ఒకటిన ఆమె వాట్సాప్ స్టేటస్‌లో ఒక ఫోటో పెట్టింది. గులాబీరంగు క్రీము కేకు, దాని మీద ఆమె పేరు, పక్కన అత్తగారు ఆమె నోట్లో ముక్క పెడుతూ ఉంది. నేను నవ్వుకున్నాను. పాపం వాళ్ళకి అసలు రోజు తెలియదు, తెలియనివాళ్ళని నొప్పించడం ఎందుకని ఈమె కోసి ఉంటుంది అనుకున్నాను. అసలు రోజు మాది. దానికి నన్ను పిలుస్తుంది. ఈ ధీమాతోనే నేను ఆ వానాకాలం, చలికాలం నెట్టుకొచ్చాను.

ఈ ఏడు మట్టల ఆదివారం దగ్గర పడింది. ఫోను రాలేదు. మధ్యలో ఒకసారి మాట్లాడింది కానీ తోటలో కాయలకి కవర్లు కట్టిస్తున్నామనీ, కూలీలు దొరకడం లేదనీ చెప్పింది, అంతే. పిలిస్తే ఆమె బతుకులో నాకింకా చోటు ఉన్నట్టు, పిలవకపోతే లేనట్టు. నా మనసులో నేను పెట్టుకున్న పరీక్ష అది. శనివారం దాకా చూసి, ఇక పిలవని పేరంటానికి నేనే బయలుదేరుదామని తీర్మానించుకున్నాను. ముందు కేకు చేయాలి.

ఆ కేకుది ఒక కథ. వాళ్ళమ్మ చిన్నతనంలో ఒక మిషనరీ దొరసాని వంటింట్లో పనిచేసేది. అమెరికాలో దక్షిణాది నుంచి వచ్చిన ఆ దొరసాని కేకు పిండిలో నిమ్మ సోడా పోసేదట. వెన్న దండిగా, గుడ్లు దండిగా, చివర్లో సోడా. వాళ్ళమ్మ దాన్ని చూసి నేర్చుకుంది. తర్వాత నా స్నేహితురాలు అందులో గుడ్లు తీసేసింది. ఎందుకంటే ఆమె పుట్టినరోజు ఎప్పుడూ శ్రమల దినాల్లోనే పడేది. ఈస్టరుకి ముందు ఆ నలభై రోజులూ ఆమె నీచు ముట్టదు, గుడ్డు కూడా తినదు. “గుడ్డు చేసే పని సోడాలో గ్యాసు చేస్తుందక్కా” అని సైన్సు టీచరు బుద్ధి పోనిచ్చుకోకుండా పాఠం చెప్పేది.

గ్యాసు చేస్తుంది, నిజమే. కానీ అది ఎవరి కోసమూ ఆగదు. సోడా పిండిలో పడగానే నురగ లేస్తుంది. ఆ నురగ చావకముందే కలపాలి, గిన్నెలోకి ఒంపాలి, వేడెక్కిన కుక్కర్లో దించాలి. అందుకని మా ఇంట్లో అది ఇద్దరి పని. నేను రెండు చేతులతో బేసిన్ బిగించి పట్టుకునేదాన్ని. ఆమె ఒక చేత్తో సోడా పోస్తూ ఇంకో చేత్తో తిప్పేది. “గట్టిగా పట్టుకో అక్కా” అని ఆమె, “పట్టుకున్నానే తల్లీ, నువ్వు తిప్పు” అని నేను. ఏటా అవే మాటలు.

శనివారం సాయంత్రం కుక్కరు అడుగున ఇసుక పోసి, మూతకి రబ్బరూ విజిలూ తీసేసి, సన్నటి సెగ మీద పెట్టాను. వెన్నా పంచదారా చేయి నొప్పి పుట్టేదాకా గిలక్కొట్టాను. మైదా జల్లించాను, నిమ్మ తొక్క కోరి వేశాను. అంతవరకూ ఒక్క మనిషి చేసే పనే. సోడా సీసా చేతిలోకి తీసుకున్నాకగానీ నాకు తెలిసిరాలేదు, బేసిన్ పట్టుకునేవాళ్ళు లేరని. సోడా పోస్తూ తిప్పితే బేసిన్ గిర్రున తిరుగుతుంది. పట్టుకుంటే తిప్పడానికి చేయి లేదు. తడిగుడ్డ వేసి దాని మీద పెట్టి చూశాను, జారింది. చివరికి నేల మీద చతికిలబడి, బేసిన్‌ని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి, వంగి తిప్పాను. చీర మీద పడింది కొంత, బండల మీద పడింది కొంత. నురగ అప్పటికే సగం చచ్చింది. లేచి కుక్కర్లో దించేసరికి నడుం పట్టేసింది. అక్కడే స్టవ్వు ముందు నిలబడి కాసేపు ఏడ్చాను. కేకు కోసం కాదు.

కేకు పొంగింది, ఒక పక్కకి. రెండో పక్క అలిగినట్టు కిందికే ఉండిపోయింది. వాసన మాత్రం పాత వాసనే. చల్లారాక స్టీలు డబ్బాలో పెట్టి గుడ్డ చుట్టాను.

ఆదివారం పొద్దున్నే విజయవాడ బస్సు ఎక్కి, ఎ.కొండూరు దాటాక దిగి, షేర్ ఆటో పట్టుకున్నాను. డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్కనావిడ “పసిపిల్లేమో అనుకున్నానండి” అని నవ్వింది. నేనూ నవ్వాను. తీరా వెళ్తే ఇంటికి తాళం. మట్టల ఆదివారం నాడు క్రైస్తవుల ఇంటికి పొద్దున పూట వెళ్ళే తెలివైనదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. అన్ని ఏళ్ళూ ఆమె చర్చి నుంచి వచ్చేదాకా ఇంట్లో కూర్చుని ఎదురుచూసిన మనిషిని, ఈ ఇల్లు నాది కాదన్న సంగతి మర్చిపోయాను.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీ ఉంటే కూర్చున్నాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

“ఎవరి కోసమండి?”

చెప్పాను.

“చర్చికెళ్ళారండి, వచ్చేస్తారు. మీరేమవుతారు ఆవిడకి?”

అక్కని కాను, వదినని కాను. అన్నేళ్ళు ఒక కుక్కర్లో అన్నం తిన్నవాళ్ళని ఏమంటారో ఎవరూ పేరు పెట్టలేదు. “కలిసి పనిచేశామండి” అన్నాను చివరికి. ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళింది. అంత చిన్న జవాబు ఇచ్చినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఎండ వరండాలోకి పాకేవేళకి వాళ్ళు వచ్చారు. ముందు ఆయన, వెనక అత్తగారు, ఆయన కూతురూ అల్లుడూ, వాళ్ళ పిల్లలు. అందరి చేతుల్లో కొబ్బరి మట్టలు. నా స్నేహితురాలు తెల్లచీరలో, ఒక పిల్లని చంకనెత్తుకుని వస్తోంది. కొంచెం ఒళ్ళు చేసింది. నన్ను చూసి మొహం విప్పారింది. తర్వాత నా ఒళ్ళో డబ్బా చూసింది. ఒక్క క్షణం నిలబడిపోయింది.

“ఏంటక్కా, చెప్పాపెట్టకుండా వచ్చేశావు?” అంది దగ్గరికొచ్చి.

“రండి టీచర్ గారూ, ఎండలో కూర్చున్నారా, అయ్యయ్యో” అని ఆయన తాళం తీశాడు. అత్తగారు మజ్జిగ ఇప్పించింది. డబ్బా చూసి “ఏంటమ్మా విశేషం?” అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే నా స్నేహితురాలు అందుకుంది.

“ఏం లేదత్తయ్యా, అక్క కేకు బాగా చేస్తుంది. ఊరికే తెచ్చింది.”

ఊరికే. నడుం పట్టేసిన సంగతి గుర్తొచ్చింది.

వంటింట్లోకి నన్ను పిలిచి, డబ్బా మూత తీసి చూసింది. ఆ ఒరిగిపోయిన కేకుని అలా చూస్తూ ఉండిపోయింది.

“బేసిన్ ఎవరు పట్టుకున్నారు?” అని అడిగింది మెల్లగా.

“ఎవరున్నారని?”

చాకు అందుకోబోయిన ఆమె చేయి ఆగింది. ఏదో అనబోయింది కూడా. అంతలో హాల్లోంచి పిల్లలు “అమ్మమ్మా, కేకు” అని అరిచారు. ఆమె అటు తిరిగి “వస్తున్నా నాన్నా” అంది. ఆ పిలుపుకి ఆమె మొహంలో వచ్చిన వెలుగు నేను మా మేడ మీద ఎన్నడూ చూడలేదు.

ముక్కలు కోస్తూనే చెప్పింది. “వీళ్ళకి చెప్పకక్కా. ఆయనకి జూలై ఒకటనే చెప్పాను. కిందటేడు ఎంత హడావుడి చేశారో, అత్తయ్య చీర కూడా పెట్టింది. ఇప్పుడు అది కాదు, ఇదీ అంటే బాగుండదు.”

“అయితే ఇవాళ నీ పుట్టినరోజు కాదా?”

“ఇంట్లో అందరూ ఏ రోజు చేస్తే అదే పుట్టినరోజు అయిపోతుందక్కా” అంది నవ్వుతూ.

దిగులుగా అని ఉంటే ఓదార్చి ఉండేదాన్ని. ఓదార్చడానికి తయారుగానే వెళ్ళాను. కానీ ఆమె సుఖంగా ఉంది. పైకి సుఖంగా ఉన్నట్టు కనపడటం కాదు, నిజంగానే ఉంది. సంతోషించాలి నేను. సంతోషం రాలేదు, అబద్ధం ఎందుకు. ఆమె అంచున ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని “వెన్న బాగా పట్టింది” అంది. ప్రార్థన లేదు, పాట లేదు. పళ్ళెంలో పెట్టి పిల్లలకి పంచింది. వాళ్ళు మట్టలతో కొట్టుకుంటూ తిన్నారు. అత్తగారు ఇంకో ముక్క వేయించుకుంది. అలా మధ్యాహ్నానికి కేకు అయిపోయింది.

భోజనం చేయకుండా కదలనివ్వలేదు. సాయంత్రం రోడ్డు దాకా వచ్చి ఆటో ఎక్కించింది. ఖాళీ డబ్బాలో పచ్చి మామిడికాయలు నింపి ఇచ్చింది. నా చేయి పట్టుకుని, “వచ్చే ఏడు ఇంత కష్టపడి రాకక్కా, ఈ ఎండల్లో. నడుం నొప్పి మనిషివి” అంది. ప్రేమగానే అంది. ప్రేమగా అన్న మాటకి ఎదురు చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. “సరేలే” అన్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మెల్లగా అర్థమైంది. వాళ్ళమ్మ పోయి చాలా కాలమైంది. ఆ ఇంట్లో ఎవరికీ అసలు రోజు తెలియదు. తనకి తెలుసు గానీ తను వదిలేసుకుంది. ఇక ఈ భూమ్మీద ఆ రోజుని దాచిపెట్టుకున్నది నేనొక్కదాన్నే. పుట్టినరోజుకి కేకు ఇచ్చి వద్దామని వెళ్ళినదాన్ని, పుట్టినరోజునే ఒళ్ళో పెట్టుకుని తిరిగొస్తున్నాను. నాకు కావలసింది అది కాదు, ఆమె. కానీ ఆమె ఇవ్వగలిగింది అదే.

నేను కూడా మానేస్తే ఆ ఆదివారం ఎవరూ పుట్టనట్టే. అందుకని వచ్చే ఏడు కూడా చేస్తాను. మోకాళ్ళ మధ్య బేసిన్ ఇరికించుకుని చేస్తాను, ఎటు ఒరిగితే అటే ఒరగనీ. ఎవరికీ పట్టుకెళ్ళను, ఫోను కూడా చేయను. నేనే కోసుకుని, నేనే తింటాను.