మనదైన సడక్

మొన్న వానకు బస్‌స్టాపు బెంచీ మీద కూర్చుని ఉంటే, తడిసిన గొంగడి వాసన గుప్పున వచ్చింది. ఒక ముసలాయన గొంగడి కప్పుకుని వచ్చి రేకుల కింద ఓ మూలన నిలబడ్డాడు. పక్కనున్నవాళ్లు ముక్కు చిట్లించి దూరం జరిగారు. నాకు మాత్రం మా బీరయ్యగారు వచ్చి నిలబడినట్టే అనిపించింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

పంతొమ్మిదివందల అరవైలలో పాలమూరు జిల్లాలోని ఒక చిన్న మునిసిపాలిటీకి ఆయన చైర్మన్. నేను ఆ ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాను. ఊరి పేరు చెప్పను. అక్కడ నా బంధువులింకా ఉన్నారు, పోయినప్పుడు అన్నం పెట్టాలి గదా. బీరయ్యగారిది గొర్రెల కాపరుల ఇల్లు. అన్న కొమురయ్య మంద వెంట తిరిగితే, తమ్ముడు ఉన్ని వ్యాపారం చేసి, ఎన్నికల్లో గెలిచి కుర్చీ ఎక్కాడు. కుర్చీ ఎక్కినా భుజం మీది గొంగడి మాత్రం దిగలేదు. ఆఫీసులో కొందరు వెనక నవ్వుకునేవాళ్లు. ఆయనకు తెలుసు, పట్టించుకునేవారు కాదు.

ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా నన్ను వెంటబెట్టుకుని ఆ జాగాకు నడిచేవారు. అక్కడ నిలబడి ఒకే ప్రశ్న అడిగేవారు: "ఈడికెళ్లి ఎవలెవలు నడుస్తరు?" మురుగునీటి మోరీ తవ్వాలన్నా, గోడ కట్టాలన్నా అదే. నీళ్లు మోసే ఆడవాళ్లు, బడికి పోయే పిల్లలు, బర్రెలు, అందరినీ నేను చెప్పాలి. ఎవరినైనా మరిచిపోతే "మల్ల జూడు" అని మళ్లీ నడిపించేవారు. నా చెప్పులు అరిగాయి గానీ, ఉద్యోగం అంటే ఏమిటో నాకు అలాగే తెలిసింది.

మా ఊరి నడుమ నుంచి పోయే పెద్ద సడక్ మాత్రం మాది కాదు. అది రాష్ట్ర ప్రభుత్వ రోడ్ల శాఖది. పాతవాళ్లు ఆ శాఖను తామీరాత్ అనేవారు. వానాకాలంలో మోరీ పూడి నీళ్లు ఇళ్లలోకి వచ్చినా, పార వేయాలంటే జిల్లా ఆఫీసును అడగాల్సిందే. "మన ఇంటి ముంగట మన్ను తీసుకోనీకి గూడ వాళ్ల సెలవు గావాల్నా?" అని బీరయ్యగారు మండిపడేవారు. ఊరి హద్దుల్లో ఉన్న మేరకు సడక్‌ను మునిసిపాలిటీకి అప్పగించాలని జిల్లా ఆఫీసుకూ హైదరాబాదుకూ కాళ్లరిగేలా తిరిగి, చివరికి సాధించారు. అప్పగించిన రోజు మైలురాయికి దండ వేసి, గొంగడి సర్దుకుని, "ఇయ్యాల్టి సంది గీ సడక్ మనది!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లు చెమర్చాయి. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్లీ చూడలేదు.

ఆ సడక్‌కు రెండు వైపులా వెడల్పాటి మట్టి కినారలుండేవి. ఎండలు ముదిరాక మేతకు కృష్ణ ఒడ్డుకు పోయే మందలన్నీ ఆ కినారల మీదుగానే ఊరు దాటేవి. అన్నిటికంటే ముందు కొమురయ్య మంద. తామీరాత్ ఉన్నన్నాళ్లు అక్కడ గుంజ పాతడానికి ఎవరూ సాహసించలేదు. సర్కారు జాగా అంటే అంత భయం.

సడక్ మనదయ్యాక, మొదట ఒకామె అక్కడ చాయ్ డబ్బా పెట్టుకుంది. భర్త పోయిన మనిషి. "మనదే గద బీరన్నా, జర నీడకు పెట్టుకున్న," అంది. "బతుకనియ్యి," అన్నారు బీరయ్యగారు. ఆ ఒక్కసారే ఆయన తన ప్రశ్న అడగలేదు. తర్వాత సైకిళ్ల దుకాణం వచ్చింది, ఎరువుల దుకాణం వచ్చింది, మునిసిపల్ మెంబర్ల బామ్మర్దుల రేకుల షెడ్లు లేచాయి. తీయమంటే అందరిదీ ఒకటే మాట: "మీరే అంటిరి గద, మనదని." ఆయన మాటే ఆయన నోరు కట్టేసింది. పైగా అందరూ ఓటేసినవాళ్లు, కావలసినవాళ్లు. చూద్దాం, చేద్దాం అంటుండగానే ఎండలొచ్చేశాయి.

ఆ పొద్దున ఆయనా నేనూ సడక్ మీదే ఉన్నాం. కొమురయ్య మంద ఊళ్లోకి వచ్చింది. నడవడానికి కినార లేక గొర్రెలు తారు మీదికెక్కాయి. వెనక నుంచి లారీ హారన్ కొట్టింది. మంద బెదిరి దుకాణాల్లోకి చొరబడితే, అక్కడివాళ్లు కర్రలతో తిరగ్గొట్టారు. అలా వెనక్కి తిరిగినవాటిలో కొన్ని లారీ కింద పడ్డాయి. మెడలో గంటతో మందకు ముందు నడిచే గొర్రె కూడా పోయింది.

కొమురయ్య అరవలేదు, తిట్టలేదు. చచ్చిన గొర్రె మెడలోంచి గంట విప్పి, పట్టుకుని తమ్ముడి ముందుకు వచ్చాడు.

"సడక్ మనదంటివి గదరా తమ్మీ," అన్నాడు. "గా 'మన'ల మేం లేమా?"



తర్వాత షెడ్లు తీయించాలని ఆయన పట్టుబట్టారు. ఒక్క మెంబరూ చెయ్యెత్తలేదు. సడక్‌ను తిరిగి తీసుకోండని జిల్లా ఆఫీసుకు పోయి బతిమాలారు. "అడిగి తీసుకున్నరు గద, వాపసు ఎట్ల తీసుకుంటం?" అని అక్కడివాళ్లు నవ్వారు. మరుసటి ఏడు నుంచి మందలు మా ఊరి మొహం చూడలేదు. గుట్టల చుట్టూ తిరిగి పోయేవి. ఎండాకాలం వస్తే బీరయ్యగారు మైలురాయి దగ్గరకు పోయి నిలబడేవారు. "గింత ఎండల ఎందుకు సాబ్?" అని నేనంటే, "అన్న ఇటు వస్తడేమోనని," అనేవారు. కొమురయ్య రాలేదు. తమ్ముడు పోయినప్పుడు వచ్చాడు, అదీ గుట్టల వైపు నుంచే.

ఆ తర్వాత నేను చాలా ఊళ్ల మునిసిపాలిటీల్లో పనిచేసి రిటైరయ్యాను. పోయిన చోటల్లా ఆయన ప్రశ్నే అడిగాను. దాంతో పై అధికారులకు తలనొప్పి అయ్యాను తప్ప నాకు ఒరిగిందేమీ లేదు. అడగకుండా ఉండటం మాత్రం చేతకాలేదు. ఎవరైనా గొప్పగా "మనది" అంటే, ఇప్పటికీ నాకు గంట విప్పుతున్న కొమురయ్య చేతులే కనబడతాయి.

బస్సు రాలేదు, వాన పెరిగింది. బెంచీ మీద నా పక్కన ఒక మనిషి పట్టే చోటుంది. గొంగడి ముసలాయన దాన్ని చూసి, నన్ను చూసి, "గీ జాగ ఎవలదన్న ఉన్నదా సారూ?" అని అడిగాడు.

మనదే అనబోయాను. నోరు రాలేదు.

"నీదే. కూసో పెద్దాయనా," అని పక్కకు జరిగాను.