రెండు బ్యాడ్జీలు, ఒక కండెల బుట్ట

ఆ రోజుల్లో నాకు రెండే రెండు కొరతలుండేవి. ఒకటి జుట్టు, రెండోది సిద్ధాంతం. జుట్టు సంగతి అమ్మ కాచి పంపిన నూనెతో ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. సిద్ధాంతం లేకుండా మాత్రం తిరుపతిలో మా ఆడపిల్లల హాస్టల్లో ఒక్క పూట గడిచేది కాదు. మెస్‌లో పొంగలి ప్లేటు ముందు కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు వచ్చి "నువ్వు లిబరలా, రాడికలా?" అని అడిగేవాళ్లు. (పొంగలి బాగుందా అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.) నేను స్త్రీవాదినని నాకు తెలుసు. ఏ రకమో మాత్రం తెలియదు, ఆ సంగతి బయటపడితే పరువు పోతుందని తెగ భయపడేదాన్ని.

లిబరల్ పక్షానికి పెద్దదిక్కు చట్టం అక్క. పలమనేరు మనిషి, గొంతు పెంచదు. "ఉన్న ఇంట్లోనే మనకూ ఒక గది, ఒక తాళంచెవి, కాగితం మీద పేరు కావాలి. అడిగి, చట్టంతో సాధించుకోవాలి" అనేది. రాడికల్ పక్షం వేళ్ల అక్కది (ఏదైనా వేళ్లతో సహా పెరికేయాలంటుంది కాబట్టి ఆ పేరు). "అసలు ఇంటి ప్లానే మగవాళ్లు గీసింది. ఎవరు ఏ పని చెయ్యాలి, ఎవరి పనికి విలువ అన్నది మార్చకుండా గది ఇస్తే ఏం లాభం?" అనేది. నాకేమో ఎవరు మాట్లాడుతుంటే వాళ్లదే నిజమనిపించేది. సోమవారం సభకు అందరూ తమ పక్షం బ్యాడ్జీ పెట్టుకుని రావాలన్నారు. ఆలోచించుకుంటానని చెప్పి, లిబరల్ నీలంది ఒకటి, రాడికల్ ఎర్రది ఒకటి సంచిలో వేసుకుని శుక్రవారం సాయంత్రం మా ఊరు నగరికి బస్సెక్కాను.

మా ఇంట్లో చేతిమగ్గం. నాయన మగ్గం కింది గుంతలో కూర్చుని నేస్తాడు, అమ్మ రాట్నం మీద కండెలు చుడుతుంది. పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే ఆ చిన్న నూలు కండె అయిపోతే మగ్గం ఆగిపోవాల్సిందే. మర్నాడు నేతగాళ్ల కార్డుల కోసం పేర్లు రాసుకోవడానికి సర్వే ఆవిడ వస్తుందని తెలిసింది. పోయినసారి నాయన 'నేత కార్మికుడు' అయ్యాడు. ఎనిమిదో ఏటి నుంచి కండెలు చుడుతున్న అమ్మ 'గృహిణి' అయింది. "ఈసారన్నా నా పేరు రాస్తారేమోలే" అంది అమ్మ, నా వైపు చూడకుండా. తనకోసం ఏదైనా కావాలని అమ్మ అనడం నేను వినడం అదే మొదలు. నా మనసు చివుక్కుమంది.

పొద్దున్నే నీలం బ్యాడ్జీ దారి పట్టాను. "నాయనా, ఆవిడతో అమ్మ పేరు కూడా చెప్పు" అన్నాను మర్యాదగా. నాయన మగ్గం ఆపకుండానే, "మీయమ్మ యాడ నేస్తాది పాపా? కండెలు సుట్టేది కూడా ఒక పనేనా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వెంటనే ఎర్ర పక్షంలోకి దూకి, "అమ్మా, ఈరోజు కండె ముట్టుకోవద్దు!" అని ప్రకటించాను. అమ్మ బతిమాలించుకుంటుందనుకున్నాను. "సరే" అని వెంటనే గడపలో కాళ్లు చాపుకుని కూర్చుని మరమరాలు తినసాగింది. ఎప్పుడూ నిండుగా ఉండే కండెల బుట్ట కూడా ఆ పూట కనబడలేదు. ఉద్యమం ఊపందుకుందని మురిసిపోయాను.

గంటలో మగ్గం ఆగింది. నాయన నన్ను చుట్టమన్నాడు. సిద్ధాంతరీత్యా కుదరదన్నాను. (నాకు చుట్టడం రాదు, అది వేరే విషయం.) చివరికి తనే రాట్నం ముందు కూర్చున్నాడు. మొదటి కండె వదులై నాడెలోంచి జారిపోయింది, రెండోది చిక్కుపడి చేతులకే చుట్టుకుంది. సరిగ్గా అప్పుడే సర్వే ఆవిడ ట్యాబ్ పట్టుకుని లోపలికి వచ్చి, "మగ్గం ఆగిపోయిందేం అన్నా?" అని అడిగింది.

నాయన చేతుల్లోని చిక్కును చూసుకున్నాడు, గడపలో ఉన్న అమ్మను చూశాడు. "మా ఇంట్లో పనిచేసేవాళ్లు ఇద్దరుండాము మేడం. ఈపొద్దు ఒకరు రాలేదు" అన్నాడు మెల్లగా. తర్వాత అమ్మ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా చెప్పాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయితే నేతకు సాయం చేసేవాళ్లు అని రాస్తానక్కా" అంది ఆవిడ. "సాయమా?" అని లేచింది అమ్మ. చీర కుచ్చిళ్లు దోపుకుని గుంతలోకి దిగి కూర్చుని, "సూడు పాపా" అని ఆవిడకు బెత్తెడు గుడ్డ నేసి చూపించింది. నాయన నోరు తెరిచి చూస్తుండగా, "కండె గట్టిగా సుట్టియ్యి, జారిపోతాండాది" అని ఆయనకే పని పురమాయించింది. ట్యాబ్‌లో అమ్మ నేత కార్మికురాలైంది.

సాయంత్రం నా బ్యాడ్జీలు చూసి అమ్మ వాటి కథేమిటని అడిగింది. వివరంగా చెప్పాను. "నాకు కార్డూ కావాల, మీ నాయన కండెలు సుట్టేదీ కావాల. ఏది పెట్టుకునేది?" అంది. సోమవారం నేను రెండూ పెట్టుకుని వెళ్లాను. అక్కలిద్దరూ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడటం హాస్టల్లో అందరూ చూసింది అప్పుడే.

ఆ సమ్మె నేనే నడిపానని చాలా ఏళ్లు ఛాతీ విరుచుకుని తిరిగాను. మొన్న ఇల్లు సర్దుతుంటే అమ్మ నవ్వుతూ, "ఆ పొద్దు నువ్వు నిద్ర లేసేలోపే కండెల బుట్ట మంచం కింద దాసినాను పాపా" అంది. పక్కనే రాట్నం ముందున్న నాయన, "నాకు అప్పుడే తెలుసులే" అని కండె బిగించి చుట్టసాగాడు.